వైపర్ తుడిచేసిన అక్షరాలు

మా బావకి అమ్మడం చేతకాదు. ఈ మాట ఆయన మొహం మీదే అంటాను, వెనకాల అనడం నాకలవాటు లేదు. ఇంజన్ మీద చెవి పెట్టి లోపల ఏ నట్టు వదులైందో చెప్పేస్తాడు. తుప్పు పట్టిన రేకుని అద్దంలా చేసిపెడతాడు. కానీ ఎదుటి మనిషికి ఓ వస్తువు అంటగట్టమంటే మాత్రం తెల్లమొహం వేస్తాడు. నేనేమో పాత స్కూటర్ల వ్యాపారిని. స్టాండు వేస్తే పడిపోయే బండిని కూడా "దీనికి కాస్త పౌరుషం ఎక్కువండీ" అని చెప్పి అమ్మినవాణ్ణి. అలాంటి నాకు ఇలాంటి బావ దొరికాడు. ఏం చేస్తాం, మా అక్కకి నచ్చాడు.

ఆ కారు ఎవరి పెరట్లోనో కోళ్ళు కాపురం చేస్తుండగా దొరికింది. బావ దాన్ని లారీ మీద ఎక్కించుకొచ్చిన రోజు "గుడ్లు కూడా కలిపి ఇచ్చారా బావా?" అని అడిగాను. ఆయన అప్పటికే దాని కిందికి దూరాడు. అప్పట్నించీ ఖాళీ దొరికితే చాలు దాని కిందే ఉండేవాడు. దొరకని సామాను తనే గీసి, కోసి, చేసుకున్నాడు. అక్క అదే షెడ్డులో ఓ మూల మిషను పెట్టుకుని బండ్లకి సీటు కవర్లు కుడుతుంది. ఈ కారుకి ఎర్ర తోలు సీట్లు కుట్టింది. ఆఖర్న మీగడ రంగు వేశారు. గుండ్రటి లైట్లు, వెనక్కి తెరుచుకునే తలుపులు, పెళ్ళికొడుకులా ఆ ముందు భాగం. నిజం చెప్పొద్దూ, నా దిష్టే తగులుతుందేమో అని భయమేసింది.

అమ్ముకుందామని చేసింది కాదది. కానీ ఓ రోజు షెడ్డు యజమాని వచ్చాడు. షెడ్డు అమ్మేస్తున్నాననీ, నెలాఖరులోగా మేమే కొంటే సరేననీ, లేదంటే గోదాముకి అడిగేవాళ్ళు సిద్ధంగా ఉన్నారనీ చెప్పి వెళ్ళాడు. షెడ్డు పోతే బావకి పని లేదు, అక్కకి మిషను పెట్టుకునే మూల లేదు. పైనున్న రెండు గదులూ షెడ్డుతో పాటే కాబట్టి తలదాచుకునే చోటు కూడా లేదు. కారు మంచి ధరకి పోతే షెడ్డు కొనొచ్చు. లెక్క అంతే, ఎటు తిప్పి చూసినా అంతే.

ఎలా అమ్మాలన్న దగ్గర మాత్రం ముగ్గురం మూడు దిక్కులు. అక్క వేలానికి పంపుదామంది. "వేలంలో ఆ పూట వచ్చినవాడు ఎంతంటే అంతే ధర. పైగా కమీషను వాళ్ళకి, రవాణా ఖర్చు మనకి" అని నేను కొట్టేశాను. పెళ్ళిళ్ళకీ షూటింగులకీ అద్దెకిద్దామన్నాడు బావ. "అద్దెలు కూడేదాకా షెడ్డాయన తపస్సు చేస్తాడా?" అని అదీ కొట్టేశాను. ఫోన్లో ఫోటోలు పెట్టి చూశాం. పొద్దస్తమానం ఫోన్లే. అడిగేవాళ్ళంతా పనిలేనివాళ్ళు. ఒకాయన మరీ ఘనుడు. కారంతా అక్కర్లేదు, స్టీరింగు ఒక్కటీ పీకి ఇస్తారా అన్నాడు. బావ పాలు పొంగినట్టు లేచి ఫోను కట్టేశాడు.

ఇక నా పద్ధతే మిగిలింది. పాత కారు కొనేవాడు కాగితం చూసి కొనడు, కళ్ళతో చూసి మోజుపడి కొంటాడు. అందుకని కారుని షెడ్డు ముందు రోడ్డువైపు తిప్పి నిలబెట్టి, బూట్లకి వేసే తెల్ల పాలిష్ తో ముందు అద్దం మీద ఈ చివర్నించి ఆ చివరిదాకా "అమ్మకానికి" అని రాశాను.

మనుషులు ఆగారు, వచ్చారు. వచ్చినవాళ్ళని బావ తరిమేశాడు. తిట్టి కాదు, నిజం చెప్పి. "ఎడమ తలుపు వానాకాలం కాస్త బిగుస్తుందండీ. పొద్దున్నే స్టార్టు చెయ్యాలంటే బతిమాలాలండీ. ఎత్తు ఎక్కేటప్పుడు వెనకున్నవాళ్ళు ఓ నాలుగు తిడతారండీ." నాకు ఒళ్ళు మండిపోయింది. "బావా, నీకు పుణ్యముంటుంది, నోరు మూసుకుని నిలబడు" అన్నాను. మర్నాడు నోరు మూసుకుని నిలబడ్డాడు. వచ్చినాయన అటూ ఇటూ చూసి, "ఏంటి, మెకానిక్ గారు ఏం మాట్లాడరు? ఏదో దాస్తున్నట్టున్నారే" అని జారుకున్నాడు. తెరిస్తే ఓ తంటా, మూస్తే ఇంకో తంటా.

తర్వాత కళ్ళద్దాల పెద్దాయన ఒకాయన వచ్చాడు. పాత కార్లంటే ముచ్చటపడి కొనే రకం, డబ్బున్న మనిషి. అంతా తడిమి చూసి, "వైపర్ పనిచేస్తుందా?" అని అడిగాడు. బావ మొహం వెలిగిపోయింది. ఆ వైపర్ మోటారు మొత్తం ఆయన చేతిపనే. చెంబుడు నీళ్ళు అద్దం మీద చల్లి స్విచ్ నొక్కాడు. వైపర్ ఠీవిగా లేచి, నేను రాసిన మాట మధ్యలోంచి "కాని" అన్న రెండక్షరాలూ శుభ్రంగా తుడిచేసి, "కి" ముందు మొరాయించి నిలబడిపోయింది. పెద్దాయన నవ్వాపుకుని, ఆలోచించి చెప్తానని వెళ్ళిపోయాడు. అద్దం మీద "అమ్మ" మిగిలింది, కాస్త ఖాళీ తర్వాత "కి" మిగిలింది.

మళ్ళీ రాద్దామనుకునేలోపు నా కొట్టు నించి ఫోనొచ్చింది. వచ్చాక రాద్దాంలే అని వెళ్ళాను.

మా అమ్మ అక్క దగ్గరే, పైగదుల్లో ఉంటుంది. మోకాళ్ళ నొప్పులతో కిందికి దిగడం తక్కువ, బెంగపడుతుందని షెడ్డు సంగతీ కారు అమ్మకం సంగతీ ఆవిడకి చెప్పలేదు. నాన్న పోయాక తలమీద గంప పెట్టుకుని వీధి వీధీ తిరిగి గిన్నెలు అమ్మి మమ్మల్నిద్దర్నీ పెంచిన మనిషి. చదువుకోలేదు. ఈమధ్యే అక్క దగ్గర పట్టుబట్టి అక్షరాలు నేర్చుకుంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, కనబడిన ప్రతిదీ చదువుతుంది. మందు సీసా, సబ్బు కాగితం, బస్సు మీద బోర్డు, ఏదీ వదలదు. ఆ రోజు మెట్లు దిగి వచ్చి కారు అద్దం చదివింది.

నేను తిరిగొచ్చేసరికి అమ్మ వెనక సీట్లో కూర్చుని ఉంది. చెప్పులు బయట విడిచి, కాళ్ళు పైకి ముడుచుకుని మరీ కూర్చుంది. పక్కన అక్క కొయ్యబారిపోయి నిలబడింది. బావ చేతిలో స్పానరు అలాగే ఉంది.

"ఒరేయ్, దొంగ వెధవా! ఇన్నాళ్ళూ నా దగ్గర దాచారు కదరా ముగ్గురూ కలిసి!" అంది నన్ను చూడగానే. "'అమ్మకి' అని నువ్వే కదా రాశావు, నీ వంకర రాత నాకు తెలీదా? నేనే చదివాను. ఎవర్నీ అడగలేదు."

నేను అక్కవైపు చూశాను. అక్క నావైపు చూసింది. చాటుకి లాక్కెళ్ళి, "రాసింది నువ్వు, చెప్పేదీ నువ్వే" అంది. చెప్పడానికి కారు దగ్గరికి వెళ్ళాను కూడా. అమ్మ సీటు కుట్టుని వేలితో నిమురుతూ, "ఎంత బాగా కుట్టిందిరా మీ అక్క" అంటోంది. ఇన్ని బండ్లు అమ్మినవాణ్ణి, ఇన్ని మాటలు నేర్చినవాణ్ణి, ఒక్క మాట రాలేదు. రేపు చెప్దాంలే అనుకున్నాం.

రేపటికి ఆవిడ షికారుకి తయారైంది. బావ నడిపాడు, నేను ముందు కూర్చున్నాను, అమ్మ వెనక సీటంతా తనదే అన్నట్టు మధ్యలో కూర్చుంది. పార్కుకా, బజారుకా అంటే రెండూ కాదంది. తను గిన్నెలమ్మిన వీధులన్నీ తిప్పమంది. "ఇక్కడ ఆపు అల్లుడూ. ఈ గుమ్మంలో గంప దించడానికి ఒక్కళ్ళూ చెయ్యి వేసేవాళ్ళు కాదు." ఇంకో ఇంటి ముందు, "వీళ్ళు మహా గీసిగీసి బేరమాడేవాళ్ళు. కానీ మంచినీళ్ళిచ్చేవాళ్ళు" అంది. ఆ ఇంట్లోంచి ఒక ముసలావిడ బయటికొచ్చి, గుర్తుపట్టి, "ఎవరిదే ఈ కారు?" అని అడిగింది.

"నాదే" అంది అమ్మ.

అమ్మ దేన్నయినా నాదనడం నేనెప్పుడూ వినలేదు. గిన్నెలు కొట్టువాడివి, గంప కూడా వాడిదే. ఇల్లు అద్దెది, ఇప్పుడుంటున్నది కూతురి గది.

ఇంటికొచ్చాక పెద్ద గొడవైంది మా ముగ్గురికీ, గుసగుసల్లోనే. "షెడ్డు పోతే పోనీ, నేను మాత్రం చెప్పలేను" అని అక్క కళ్ళు తుడుచుకుంది. "నిజం చెప్పెయ్యడమే మంచిది, నేను చెప్తాను" అన్నాడు బావ. "చెప్పు చూద్దాం, నీ అంతు చూస్తా" అన్నాన్నేను. అలాగని షెడ్డు కొనడానికి ఇంకో దారి ఉందా అంటే అదీ లేదు. కళ్ళద్దాల పెద్దాయన ఫోను చేసి మళ్ళీ చూడ్డానికొస్తానంటే, వద్దనలేక, రమ్మనలేక, "మీ ఇష్టమండీ" అన్నాను.

ఆయన రావాల్సిన రోజు పొద్దున్నే షెడ్డు యజమాని దిగబడ్డాడు. అమ్మ కారు తలుపు తీసి పెట్టుకుని, వెనక సీట్లో చిక్కుళ్ళు ఒలుస్తోంది.

"ఏం పెద్దమ్మా, కారింకా అమ్ముడుపోలేదా?" అన్నాడు. "ఇది అమ్మి షెడ్డు డబ్బు కడతానన్నాడు మీ అల్లుడు. నెలాఖరు దగ్గరకొచ్చింది. లేదంటే సామాను సర్దుకోమని చెప్పండి."

ఆ మనిషి నోట్లో నా చెప్పు పెట్టాలనిపించింది. అమ్మ మాత్రం "అలాగా నాయనా" అని చేతిలో ఉన్న కాయ ఒలిచింది. ఆయన వెళ్ళేదాకా ఒలుస్తూనే ఉంది. వెళ్ళాక మా ముగ్గుర్నీ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని చూసింది.

"ఇది అమ్మి షెడ్డు కొనుక్కుందామనుకున్నారా?"

అక్క తల వంచుకుంది.

"మరి మానేసి నాకెందుకిచ్చారు? కొంప పోయినా పర్లేదు, ముసల్ది కారెక్కాలనుకున్నారా? బుద్ధుందా అసలు మీకు? ఎవరికైనా చెప్తే నవ్విపోతారు!" తిడుతూనే ఉంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. నేలలోకి కుంగిపోతే బావుండుననిపించింది నాకు. మేము చెయ్యని త్యాగానికి తిట్లు తింటున్నాం.

బావ ముందుకొచ్చాడు. "అత్తయ్యా, అసలు సంగతేంటంటే..." అన్నాడు. అయిపోయింది, హరిశ్చంద్రుడు మొదలెట్టాడనుకుని కాలు తొక్కబోయాను. ఆయన అమ్మ మొహంలోకి చూసి, ఆగి, "నీ కోసమే చేశాను" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక మా బావ ఆడిన మొదటి అబద్ధం అదే అయ్యుంటుంది. నేనైతే అంత బాగా ఆడలేకపోయేవాణ్ణి.

అమ్మ పైటచెంగుతో మొహం తుడుచుకుంది. "సరే. ఆ కొనేవాడొస్తే మీరెవరూ నోరు విప్పకండి" అంది.

పెద్దాయన వచ్చాడు. వెనక సీట్లో ఈవిడని చూసి మర్యాదగా, "నమస్కారమండీ, మీరు..?" అన్నాడు.

"అమ్మను" అంది అమ్మ.

ఎవరికి అమ్మో చెప్పబోయింది పాపం. ఆయన మాత్రం బేరమాడకముందే అమ్మనంటోందనుకుని కంగారుపడిపోయాడు. "అలా అనకండి, ముందు నేననుకున్నదానికి ఇంకొంచెం వేసి ఇస్తాను" అన్నాడు. వీధుల్లో గిన్నెలమ్మిన మనిషికి ఆ పాటి అర్థం కాదా? తప్పు దిద్దలేదు. ఒలిచిన చిక్కుళ్ళు గిన్నెలోకి ఎత్తుకుంటూ కూర్చుంది. ఆయన ఇంకాస్త పెంచాడు.

"తలుపేదో బిగుస్తుందన్నారట కదమ్మా" అన్నాడు చివర్లో, కాస్త తగ్గించుకుందామని.

"మోకాళ్ళు నాకూ బిగుస్తాయి. నన్ను తక్కువ చేసి చూస్తున్నారా?" అంది. "ఏ రిపేరొచ్చినా మా అల్లుడి దగ్గరికే తేవాలి. అలాగైతేనే ఇస్తాను."

ఆయన ఒప్పుకున్నాడు. షెడ్డుకి చాలి, కాస్త మిగిలే ధర అది. నేను ఈ జన్మలో తేలేని ధర. డబ్బు కట్టి ఆయన కారు తీసుకెళ్ళడానికొచ్చిన రోజు అమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, చీర కొంగుతో అద్దం మూల తుడిచింది. పెద్దాయనకి జాలేసినట్టుంది, తలుపు తీసి పట్టుకుని, "ఎక్కండమ్మా, వీధి చివరిదాకా తిప్పి దింపేస్తాను" అన్నాడు.

"వద్దు నాయనా. ఇప్పుడది మీది కదా, నేనెందుకు ఎక్కడం?" అంది. "జాగ్రత్తగా చూసుకోండి."

కారు మలుపు తిరిగింది. నేను మొహం తిప్పుకున్నాను గానీ అమ్మ కళ్ళు కప్పడం నా తరమా?

"ఏడుస్తున్నావేంట్రా?" అంది. "నీకు పెద్ద చదువు చెప్పించలేదు, మీ అక్కని ఉత్త చేతుల్తో పంపాను. నాదంటూ ఒకటి ఉంటే కదా పిల్లలకిచ్చుకునేది. మీరు నాకిచ్చారు కాబట్టి నేను మీకివ్వగలిగాను."

గోడ పట్టుకుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయింది. మేం ముగ్గురం మా షెడ్డు ముందు నిలబడిపోయాం. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడానికి కూడా మాకు ధైర్యం చాల్లేదు.