అన్నయ్యకివ్వని ఫిల్ము

ఆ రెండు ఫిల్ము డబ్బాలూ ఫ్రిజ్‌లోకి వచ్చిన రోజునుంచి అమ్మాజీ ఇంట్లో ఎవరినీ పెరుగు గిన్నె కూడా తీసుకోనివ్వడం లేదు.

"తలుపలా బార్లా తీసి నిలబడితే చల్లదనమంతా పోదూ? ఏం కావాలో చెప్పండి, నేను తీసిస్తాను" అని మొగుణ్ణే గసిరింది.

"ఆయ్, అలాగేనండి" అని నవ్వేరు ఆంజనేయప్రసాద్. ఆ పూట మజ్జిగ లేకుండానే భోజనం ముగించి చెయ్యి కడిగేసుకున్నారు.

అమ్మాజీకి భయం కొత్త కాదు. బస్సు ఆలస్యమైతే కాలవలో పడిందేమోనని, కుక్కరు కూత వెయ్యకపోతే పేలిపోతుందేమోనని, ఏ గంటకా గంట గుండె చేత్తో పట్టుకునే మనిషి. కానీ ఈసారి భయానికి కారణం ఉంది.

వాళ్ళ కొబ్బరితోట బండారులంకని ఆనుకునే ఉంటుంది. ఇంటి వెనక వీధంతా మగ్గాలే. కూతురు సాయిదుర్గకి డిగ్రీ అయ్యేక ఫొటోల పిచ్చి పట్టుకుంది. అది చూసి నేత సొసైటీ ప్రెసిడెంటు సోమేశ్వరరావు గారు, ఆ ఏడు నేసిన మంచి చీరలన్నిటినీ తీసిపెట్టమన్నారు. వాటితో పుస్తకం అచ్చువేస్తే పైఊరి షాపులవాళ్ళు చూసి ఆర్డర్లిస్తారు. హైదరాబాదు ప్రెస్సువాళ్ళు మాత్రం మామూలు ఫొటోలు పనికిరావు, స్లయిడ్లే కావాలన్నారట. ఆయనే వెళ్ళి మూడు రోల్సు తెచ్చిచ్చేరు.

"బాగా వస్తే ఏటా ఈ పని నీదేనమ్మా. రాకపోతే మాత్రం నన్ననకూడదు. బయటినుంచి మనిషిని పిలిపించమని సభ్యులు ఇప్పటికే నా ప్రాణం తీస్తున్నారు. ఆడపిల్లకిచ్చేవేంటని" అని ఉన్నమాట చెప్పేసేరు కూడా.

సాయిదుర్గ వరండాలో పొద్దుటి వెలుగు చూసుకుని రెండు రోల్సు పూర్తిచేసింది. మర్నాడే చీరలన్నీ మూటలు కట్టి వ్యాపారులు పట్టుకుపోయేరు. ఇక మళ్ళీ తీద్దామంటే ఒక్క చీర ఊళ్ళో లేదు.

"మామూలు ఫిల్మైతే ప్రింటు వేసేటప్పుడు ఏదో సర్దుతారమ్మా" అని చెప్పింది సాయిదుర్గ. "దీన్లో ఫిల్మే బొమ్మ. కడిగేచోట మందు పాతదైనా, వేడి తేడా వచ్చినా రంగులు పోయినట్టే. వేరే మందులో ముంచేరంటే ఇక చెప్పక్కర్లేదు."

ఆ మాట విన్న దగ్గర్నుంచి అమ్మాజీకి కంటిమీద కునుకు లేదు.

ఇంతలో అమలాపురంనుంచి అమ్మాజీ అన్నగారు దుర్గారావు స్కూటరేసుకుని దిగేడు. ఆయనకి అక్కడ ఫొటో స్టూడియో ఉంది. సాయిదుర్గ మెళ్ళో వేసుకు తిరిగే కెమెరా ఆయనిచ్చిందే.

"మన ల్యాబుండగా మీకీ గోలేంటి?" అన్నాడు కుర్చీలో కూలబడుతూ. "రోజూ సాయంత్రం నా సంచి బస్సులో రాజమండ్రి వెళ్తుందా, లేదా? అక్కడ ల్యాబు ఎవరిది? నా తోడల్లుడి తమ్ముడిది. నామాటంటే పడిచస్తాడు."

"స్లయిడ్లు కడుగుతారా మావయ్యా అక్కడ?"

"ఫిల్ము ఫిల్మే కదే! పెళ్ళిళ్ళెన్ని కడిగేడు వాడు!"

సాయిదుర్గ తల్లివైపు చూసింది. అమ్మాజీ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఇలాంటప్పుడు ఆమెకి నోరు రాదు. కాదంటే అన్నయ్య చిన్నబుచ్చుకుంటాడు, వదిన నలుగురికీ చెబుతుంది, రేపు కార్యాలకి పిలుపుండదు. అలా మొహమాటానికి పోయి, చుట్టం కదాని కుట్టించిన జాకెట్లు, చుట్టం కదాని వేయించిన సీలింగూ ఆ ఇంట్లో చాలా ఉన్నాయి. సీలింగు ఇప్పటికీ కారుతూనే ఉంది.

"ముందు కొంచెం ఇచ్చి చూద్దాం మావయ్యా" అని సాయిదుర్గే అడ్డుపడింది.

మూడో రోలు ఆ పనికే ఉంచింది. వెనకింటి వీరాయమ్మని అడిగి, ఆ చీరల్లో వాడిన నూలే, ఎరుపూ పచ్చా తెలుపూ ఉండలు తెచ్చి, తీగకి వేలాడగట్టి, రోలంతా అవే తీసింది. తర్వాత బియ్యం బస్తాల గదిలో తలుపేసుకుని, రెండు దుప్పట్ల కింద దూరి, చీకట్లో చేత్తో తడుముకుంటూ ఆ ఫిల్ముని మూడు ముక్కలుగా కత్తిరించి, స్టూడియోనుంచి తెచ్చుకున్న ఖాళీ డబ్బాల్లోకి ఎక్కించింది. గుమ్మంలో అమ్మాజీ కాపలా.

"అమ్మాజీగారూ, చింతపండు..." అంటూ పక్కింటామె వస్తే, "ఇప్పుడు కాదమ్మా, లోపల చీకటి జరుగుతోంది" అని పంపేసింది.

ఒక ముక్క దుర్గారావు సంచిలోకి వెళ్ళింది. మిగతా రెండూ ఎక్కడికి పంపాలో తేల్చుకోడానికి తల్లీకూతుళ్ళిద్దరూ ఎస్టీడీ బూతుకి వెళ్ళేరు. ప్రెస్సువాళ్ళిచ్చిన నంబర్లు సాయిదుర్గ నొక్కింది. రిసీవరు మాత్రం అమ్మాజీ లాక్కుంది.

హైదరాబాదు ల్యాబాయన హుషారుగా ఉన్నాడు. "ఎప్పుడైనా పంపండమ్మా! మార్నింగిస్తే ఈవినింగు మీ చేతిలో. నో ప్రాబ్లం."

"రోజూ కడుగుతారాండీ?"

"ఫిల్ములు రావాలి కదమ్మా. వచ్చినప్పుడు కడుగుతాం."

"అయితే ఇదివరకు ఎప్పుడు కడిగేరండీ?"

"అవన్నీ మీకెందుకమ్మా, మేం చూసుకుంటాం" అన్నాడు.

రెండో నంబరు మద్రాసుది. ఎత్తినాయన నెల్లూరు వైపు మనిషట. గొంతులో ఉత్సాహమేమీ లేదు.

"మంగళవారం, శుక్రవారమే కడుగుతామమ్మా. మిగతా రోజులు మందు కలపడం, తోమడంతోనే సరిపోతుంది. ముందు మా ఫిల్ము ముక్కొకటి కడిగి చూస్తాం. అది తేడా వస్తే ఆపూట ఎవరి ఫిల్మూ ముట్టుకోం."

"పాడైతే ఎలా పాడవుతుందండీ?" అనడిగింది అమ్మాజీ.

బూతు కుర్రాడు తలెత్తి చూసేడు. సాయిదుర్గ నుదురు కొట్టుకుంది. అవతలాయన మాత్రం ఆ ప్రశ్నకోసమే ఎదురుచూస్తున్నట్టు మొదలెట్టేడు. కరెంటు పోవచ్చు, జనరేటరుందిగానీ అదీ మొరాయించవచ్చు. నీళ్ళలో మట్టి రావచ్చు. పార్సిల్లో ఎండ తగలొచ్చు. పేరు మారి ఇంకొకరి ఫిల్ము రావచ్చు, అందుకే డబ్బామీదా, ఫిల్ము తోకమీదా రెండుచోట్లా రాస్తాం. "ఎన్ని చేసినా పాడవదని మాత్రం మాటివ్వలేనమ్మా. నాకు రోజూ భయమే."

రిసీవరు పెట్టేసి అమ్మాజీ ఊపిరి పీల్చుకుంది. "ఈయన మనిషి" అంది.

అయినా ఇద్దరికీ చెరో ముక్కా పంపేరు. మూడు ముక్కలూ తిరిగొచ్చేయి. మద్రాసుది చూస్తే నూలుండలు తీగమీదే ఉన్నట్టున్నాయి. హైదరాబాదుది బొమ్మ బానే ఉందిగానీ తెలుపు నీలంగా తిరిగింది, ఎరుపు చచ్చిపోయింది. రాజమండ్రిది చూడగానే సాయిదుర్గ ముక్కుమీద వేలేసుకుంది. పచ్చనుండ ఊదారంగులో, తెల్లనుండ నల్లగా, మొత్తం తిరగబడిపోయి ఉంది. పెళ్ళి ఫిల్ముల మందులోనే దీన్నీ ముంచేసేరు.

ఆ సాయంత్రమే దుర్గారావు వచ్చేడు. అప్పుడే సోమేశ్వరరావు గారు కూడా సంగతి కనుక్కుందామని వచ్చి కూర్చుని ఉన్నారు.

"ఏమ్మా, డబ్బాలు రెండూ ఈ సంచిలో వెయ్యి. బస్సు టైమవుతోంది" అని దుర్గారావు సంచి నోరు తెరిచి పట్టుకున్నాడు.

అమ్మాజీ ఫ్రిజ్ ముందుకెళ్ళి తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"ఇవ్వనన్నయ్యా."

"ముక్క పాడైంది నిజమే. కుర్రాడెవడో చూసుకోలేదు. అసలువి నేనే దగ్గరుండి కడిగిస్తానంటున్నాను కదా?"

"నువ్వు దగ్గరుంటే అక్కడి మందు మారుతుందా?"

దుర్గారావు ముఖం ఎర్రబడింది. "అయితే సొంత అన్నమీద నమ్మకం లేదన్నమాట! నలుగురిలో ఈ మాటంటున్నావు!"

"నీమీదుంది. నీ సంచిమీద లేదు."

"పిల్లకి కెమెరా ఎవడిచ్చేడు?"

"నువ్వే ఇచ్చేవు. కావాలంటే ఇప్పుడే పట్టుకెళ్ళు, దండం పెట్టి ఇచ్చేస్తాను. ఫిల్ము మాత్రం ఇవ్వను."

ఆంజనేయప్రసాద్ గొంతు సవరించుకున్నారు. "పోనీ, బావగారి మాట కూడా ఎందుకు తీసెయ్యడం? ఒకటి ఆయనకీ, ఒకటి మద్రాసుకీ..."

అమ్మాజీ మొగుడివైపు తిరిగింది. ఆ చూపు ఆయన ఇన్నేళ్ళ కాపురంలో ఎరగరు.

"అలాగేనండి. ఏ చీరలు పాడవ్వాలో మీరే చెప్పండి. వీరాయమ్మ కళ్ళు పోగొట్టుకుని నేసినవా, ఆ పక్కింటివాళ్ళవా? పేర్లు చెప్పండి, వెళ్ళి వాళ్ళ గుమ్మంలో చెప్పొస్తాను."

సోమేశ్వరరావు గారు కండువా సర్దుకుని నేలచూపులు చూసేరు.

"నాకన్నిటికీ భయమే" అంది అమ్మాజీ. "అన్నయ్య అలుగుతాడేమోనని భయం, వదిన ఏమంటుందోనని భయం. అలా భయపడి నోరుమూసుకుంటే ఈ పిల్ల పని పోతుంది, రేపటినుంచి ఆడపిల్లకిస్తే ఇంతేనని దీన్ని అంటారు, నీ తోడల్లుడి తమ్ముణ్ణి అనరు. ఎవరు అలిగినా సరే. నేనే పట్టుకెళ్తాను మద్రాసు."

"నువ్వా? కోటిపల్లి రేవు దాటితే కళ్ళు తిరుగుతాయి నీకు!" అని దుర్గారావు ఖాళీ సంచి దులిపి, స్కూటరు తన్ని వెళ్ళిపోయేడు.

తల్లీకూతుళ్ళిద్దరూ రాజమండ్రిలో రైలెక్కేరు. డబ్బాలు గుడ్డలో చుట్టి స్టీలు క్యారేజీలో పెట్టి అమ్మాజీ ఒళ్ళో పెట్టుకుంది.

"పులిహోరాండీ?" అనడిగింది ఎదురుసీటామె.

"కాదండి, చీరలు" అంది అమ్మాజీ. ఎదురుసీటామె క్యారేజీవైపోసారి, అమ్మాజీ వైపోసారి చూసింది.

దారంతా అమ్మాజీ రైలు పట్టాలు తప్పుతుందనీ, మద్రాసులో తప్పిపోతామనీ, ఈలోగా ఇంట్లో గ్యాసు లీకవుతుందనీ అనుకుంటూనే ఉంది. అనుకుంటూనే ల్యాబు మెట్లెక్కింది.

ఫోనులో మాట్లాడినాయన సన్నగా, నిద్రలేని కళ్ళతో ఉన్నాడు. ఆరోజు శుక్రవారం.

"రెండూ ఒకేసారి వెయ్యకండి బాబూ" అంది అమ్మాజీ. "ఒకటొచ్చేక రెండోది."

"నేనూ అదే అందామనుకున్నానమ్మా" అన్నాడాయన.

ముందు ల్యాబువాళ్ళ ముక్క వేసేరు. అది పట్టుకుని ఆయన లైటుకింద చాలాసేపు చూసి, తలూపి, మొదటి డబ్బా తీసుకుని లోపలికెళ్ళేడు. అమ్మాజీ స్టూలుమీద కూర్చుని తెలిసిన దేవుళ్ళందర్నీ తల్చుకుంది. మురమళ్ళ వీరేశ్వరుడికి కల్యాణం మొక్కేసింది.

రెండోది కూడా బయటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అడుగున లైటు వెలిగే గాజుబల్లమీద పరిచేడాయన. చిన్నచిన్న గళ్ళలో చీరలు మెరిసేయి. జరీ జరీలా ఉంది. తెలుపు తెల్లగా ఉంది. మూడో నాలుగో మాత్రం వెలిసినట్టున్నాయి.

"ఇవి మీ మందువల్లేనా?" అని అమ్మాజీ గభాలున అడిగింది.

"కాదమ్మా, నేనే" అంది సాయిదుర్గ చిన్నగా. "ఎండ ఎక్కువొచ్చింది. ఆ చీరలకి రెండేసి తీసేను, రెండోవి బాగున్నాయి."

"మరి చెప్పవేమే!" అని అమ్మాజీ అక్కడే, పరాయి ఊళ్ళో, ఆ పెద్దమనిషి ఎదురుగానే కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఊరొచ్చేక వరండాలో పెద్ద సందడయ్యింది. వీరాయమ్మ ఒక స్లయిడుని వెలుక్కి పెట్టి చూసి, "అమ్మో, నా అంచే! పోగు తేడా కూడా కనిపిస్తోందే, ఆ రోజు జ్వరంతో నేసేను" అని పళ్ళూడిన నోటితో నవ్వింది. సోమేశ్వరరావు గారు అన్నీ చూసి సాయిదుర్గతో, "వచ్చే ఏటికి ఇప్పట్నుంచే ఏ చీరలో అనుకో అమ్మా. సభ్యులకి నేను చెప్పుకుంటాను" అన్నారు.

వాళ్ళు మాట్లాడుతుండగానే గేటుదగ్గర స్కూటరు ఆగింది. దుర్గారావు. దిగలేదు. లోపలికి రావాలా వద్దా అన్నట్టు హ్యాండిలు పట్టుకుని అలాగే ఉన్నాడు. ఆంజనేయప్రసాద్ గబగబా లేచి, "ఏదైనా ఓ మంచిమాట చెప్పరాదూ, పెద్దాయన" అని అమ్మాజీ చెవిలో గొణిగేరు. క్షమించమని అడగమన్నట్టే ఉంది ఆ గొణుగుడు.

అమ్మాజీ మెట్టుదాకా వచ్చింది.

"రా అన్నయ్యా, చూద్దువుగాని" అని గట్టిగా పిలిచింది. "చేతులు మాత్రం కడుక్కుని రా. అంచులే పట్టుకోవాలి, మధ్యలో ముట్టుకోనివ్వను."

దుర్గారావు స్కూటరు స్టాండు వేసి, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ కుళాయి దగ్గరకి నడిచేడు.