నెవ్ చేరలేకపోయిన సున్నా

ఆస్ట్రేలియా కొండల్లో మా ఊరు లిత్‌గోలో, హెరాయిన్ బదులు మింగే మెథడోన్ మందు ఇచ్చే క్లినిక్ కిటికీ పొద్దున్నే తెరుస్తారు. హెరాయిన్ మానినవాళ్లం, మానలేనివాళ్లం, మంచులో గోడకానుకుని వరసలో నిలబడతాం. పోయిన చలికాలం దాకా ఆ వరసలో నా పక్కన నెవ్ ఉండేవాడు. కాలేయం పాడై చనిపోయాడు. సాగనంపడానికి నేనూ, కూలికి శవపెట్టె మోసినవాళ్లూ, అంతే.

కాలేయాన్ని తినేసే హెపటైటిస్ సి మా ఇద్దరికీ ఒక్క సూదితోనే అంటింది. చాలా ఏళ్ల కిందట కొండ దిగువ పెద్దాసుపత్రికి వెళితే, "ముందు మెథడోన్ మానేసి రండి, అప్పుడు చూద్దాం" అన్నాడు డాక్టరు. నమ్మాం. అప్పట్నుంచీ మోతాదు కొంచెం తగ్గించుకోవడం, తట్టుకోలేక పెంచుకోవడం, మళ్లీ తగ్గించుకోవడం.

"ఒరేయ్ గ్లెన్, నీకంటే ముందు నేనే సున్నాకి చేరతా చూస్కో" అనేవాడు నెవ్.

"బీరే మానలేని మొహం, నువ్వు ఇది మానతావా?" అనేవాణ్ణి.

వాడు పోయాక కూడా నేను తగ్గించుకుంటూనే ఉన్నాను. చెమటలు, ఎముకల్లో సలుపు, నిద్ర లేదు. ఎలా ఉన్నావని అడిగే దిక్కు లేదు.

కిటికీలోకి కొత్తగా వచ్చిన సిస్టర్ డెల్వీన్ అడిగింది.

"ఏమయ్యా, చేతులలా వణుకుతుంటే ఇంకా తగ్గించమంటావేంటి?"

"ఇది మానితే గానీ కాలేయానికి మందివ్వరు కదమ్మా."

"ఎవరన్నారు?"

చెప్పాను. ఆవిడ మొహం మాడిపోయింది.

"అది ఎప్పటి మాటయ్యా! ఇప్పుడు మాత్రలొచ్చాయి. ఇది మానక్కర్లేదు. ఈ కిటికీలోనే రెండూ ఇస్తాను. గోడమీద అంత పెద్ద కాగితం అంటించాం, చూళ్లేదూ?"

గోడనిండా కాగితాలే. బడి మధ్యలో మానేసినవాళ్లం, ఎన్నని చదువుతాం? నోరు తెరిచి చెప్పినవాడు ఒక్కడూ లేడు.

రక్తపరీక్షలయ్యాయి. మొదటి మాత్ర వచ్చింది. మెథడోన్‌తో పాటే మింగాను. మందు నోట్లో దాచి బయట అమ్ముకుంటామని వీళ్ల అనుమానం, అందుకే మింగాక మాట్లాడిస్తారు.

"ఏదీ, ఒక ముక్క మాట్లాడు."

"ఇది నెవ్‌కి అందాల్సింది" అన్నాను.

"నెవ్ ఎవరు?"

చెబుదామని నోరు తెరిచాను.

"కబుర్లు తర్వాత తాతా, ఇక్కడ గడ్డకట్టి చస్తున్నాం!" వెనకనించి ఎవడో అరిచాడు.

"రేపు చెబుదువుగానిలే" అంది డెల్వీన్, నా భుజం మీదుగా వెనకవాణ్ణి చూస్తూ.

పక్కకి తప్పుకున్నాను.