డ్వేన్ ఇచ్చిన కుక్క

అమెరికాలో, మోంటానాలోని ఒక ఊరి చర్చి హాల్లో, మాజీ సైనికులు ప్రాణం తీసుకోకుండా ఎలా కాచుకోవాలో వాళ్ల బంధువులకూ స్నేహితులకూ నేర్పుతున్నారు.

"ప్రాణంగా చూసుకున్నది ఊరికే ఇచ్చేస్తుంటే అనుమానించండి. చచ్చిపోవాలనుందా అని సూటిగా అడగండి," అంది నర్సు.

వింటున్న లైల్‌కు కుక్క గుర్తొచ్చింది. వారం కిందట, సైన్యం నుంచి తిరిగొచ్చిన అతని స్నేహితుడు డ్వేన్, మందను తోలే తన కుక్కను తెచ్చిచ్చాడు. ఆవులు ఈనే కాలంలో కుక్కను ఎవరూ వదులుకోరు. "ఇక మందను నువ్వే మొరిగి తోలతావేంట్రా?" అని నవ్వి, సంబరంగా పుచ్చుకున్నాడు లైల్.

ఇప్పుడు క్లాసు మధ్యలోనే లేచి, ఇంటి దగ్గరున్న కుక్కను ట్రక్కెక్కించుకుని డ్వేన్ ఇంటికి వెళ్లాడు.

"డ్వేన్, చచ్చిపోవాలనుందా?"

డ్వేన్ కుక్క చెవులు నిమిరాడు. "ఆ రోజే అడుగుతావనుకున్నాన్రా."

లైల్ తలెత్తలేకపోయాడు. "ఇవాళ్టి నుంచి ఇక్కడే పడుకుంటా," అన్నాడు.