చిన్నది కోరుకున్న వాటా

కర్మన్‌ఘాట్‌లో ఆండాలు అంటే గట్టి మనిషని పేరు. మొగుడు పోయిన రెండేళ్లలో ప్లాట్ల బ్రోకర్లు ఎంతమంది ఇంటి చుట్టూ తిరిగినా, ఆయన మిగిల్చిన మూడు ప్లాట్లను ఆమె చేయి దాటనివ్వలేదు. అంతటి మనిషికి 1984లో కడుపులో గడ్డ తేలింది. సోమవారం ఆపరేషనుకు దవాఖానలో చేరాలి. ఆమెకు తన ప్రాణం మీద బెంగ లేదు. ఎనిమిదేళ్ల స్వరూపను ఎవరి చేతిలో పెట్టాలన్నదే బెంగ. కొడుకు యాదగిరికి ఇరవై నిండాయి. నిండి ఏం లాభం? మోటారు సైకిలెక్కితే దిల్‌సుఖ్‌నగర్‌లో సినిమా హాలు దగ్గర తప్ప దిగడని తల్లి అభిప్రాయం.

అందుకే ఆదివారం పొద్దున్నే వీలునామాకు కూర్చుంది. రాసేది ముందు గదిలో కిరాయికుండే సాంబమూర్తి. గుంటూరు నుంచి వచ్చి, ఇక్కడ రిజిస్ట్రేషన్ కాగితాలు రాసుకుని బతుకుతున్నవాడు. అల్మాస్‌గూడ నుంచి ఆమె అన్న జానయ్య కూడా వచ్చాడు.

వాళ్ల ఇళ్లలో పంపకానికి ఒకటే పద్ధతి: పెద్దవాడు పంచాలి, చిన్నవాళ్లు ముందు కోరుకోవాలి. వంకరగా పంచితే పంచినవాడికే ఆ వంకర మిగులుతుంది. యాదగిరి ఇల్లూ దాని పక్క ప్లాటూ ఒక వాటాగా, రోడ్డు మీది రెండు ప్లాట్లూ ఇంకో వాటాగా చేశాడు. స్వరూప మిరపకాయ బజ్జీల బండి ఎటువైపుందో అడిగి మరీ రోడ్డు మీది వాటా కోరుకుంది. ఆడపిల్లకు అంత వాటానా అని జానయ్య గొణగబోయాడు గానీ, చెల్లెలు చూసిన చూపుకు ఆ గొణుగుడు మింగేశాడు.

"బావుందండీ. మరి పాపకి పద్దెనిమిదేళ్లు నిండేదాకా సంరక్షకుడిగా ఎవరి పేరు రాయమంటారు?" అడిగాడు సాంబమూర్తి.

"ఇంకెవలది? నాది రాయుండ్రి. మేనమామను నేనుండంగ పరేషాన్ ఎందుకు?" అన్నాడు జానయ్య.

ఆండాలు అనుకున్నదీ అదే. అన్న మంచివాడే, వదినకే కాస్త నోరెక్కువ. తలూపబోయి ఆగి, కూతురి వైపు తిరిగింది.

"వాటా నువ్వే కోరుకుంటివి గద బిడ్డా. మనిషిని గూడ నువ్వే కోరుకో. నేను లేకుంటె ఎవలకాడ ఉంటవ్?"

"అన్నకాడ," అంది స్వరూప వెంటనే.

"వాడు ఇంట్ల ఉంటె గద!"

"నువ్వు కడుపునొప్పితోని పండుకుంటవు గద, అన్ననే నాకు జడలేస్తడు. మొదాల వంకరొస్తుండె, గిప్పుడు మంచిగొస్తున్నయ్. దోస్తులు నవ్వుతరని ఎవలకు జెప్పొద్దన్నడు."

ఆండాలు మూడు నెలలుగా ఆ జడలు పక్కింటి అరుణమ్మ వేస్తోందనుకుంది. కన్నకొడుకును తక్కువగా చూసినందుకు సిగ్గేసింది, ఆ సిగ్గులోనే ఆనందం పొంగుకొచ్చింది.

"యాదగిరి పేరే రాయుండ్రి సారూ."

యాదగిరి దిగ్గున లేచాడు. "వద్దు. నా పేరొద్దు, మామ పేరొద్దు. గా జాగ ఖాళీ ఉంచుండ్రి."

"ఏందిరా, చెల్లె బరువైందా?" అని కసిరాడు జానయ్య.

"బరువు గాదు మామా. నాయిన గూడ గిట్లనే అన్ని సదిరి, అందరికి అన్ని జెప్పి, నిమ్మళంగ కండ్లు మూసిండు. అన్ని సదురుకుంటె అమ్మకు బెంగ, రంది ఉండది. రంది లేకుంటె దవాఖానల నుంచి మల్ల ఎందుకొస్తది?"

సాంబమూర్తి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆండాలు మాత్రం మెల్లగా లేచి, తనకన్నా జానెడు ఎత్తున్న కొడుకును దగ్గరకు లాక్కుంది. పదేళ్ల తర్వాత వాణ్ణి అలా పట్టుకోవడం అదే మొదలు.

"రాయుండ్రి సారూ, వీని పేరే," అంది.

సాంబమూర్తి రాసి, మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాడు. ఆమె వేలిముద్ర వేసింది. సాక్షులుగా జానయ్య, సాంబమూర్తి సంతకాలు పెట్టారు. అప్పుడు కొడుకు గడ్డం పట్టుకుని అడిగింది.

"మొత్తం ఇన్నవు గద. అండ్ల నీ పెండ్లి ముచ్చట ఏడన్న ఉన్నదార?"

"లేదమ్మా."

"గా పని ఎవలకు అప్పజెప్పలే. నేనొచ్చి చేస్త."