కుందేలుకు భయపడిన పిల్లాడు

అన్నదమ్ములిద్దరూ చేపల వేట ముగించుకుని వస్తూంటే, గోదారి సముద్రంలో కలిసే చోట ఇంజను పడవ తిరగబడింది. సత్తియ్యను వెనక పడవ వాళ్లు జుట్టు పట్టి లాగారు. తమ్ముడు అయ్యప్ప దొరకలేదు. ఊరంతా పడవలేసుకుని వెతికినా శవం కూడా కనబడలేదు.

ఆ తర్వాత సత్తియ్య ఇంటి అరుగు దిగలేదు. ఏటి మీద ఇంజను చప్పుడైతే చాలు, ఒళ్లంతా చెమటలు పట్టి లోపలికి పోయేవాడు. డాక్టరిచ్చిన మాత్రలు మింగితే నిద్రపోతాడు, లేస్తే మళ్లీ గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. భార్య సూర్యావతి రొయ్యల చెరువుల మీద పనికి పోతూ ఇల్లు నెట్టుకొస్తోంది.

కూతురు దుర్గాశ్రీ తొమ్మిదో తరగతి. రాజోలులో జరిగే సెమినార్‌కి బడిలో అంశాలు పంచుతూంటే తోటివాళ్లు రాకెట్లూ ప్లాస్టిక్కూ తీసుకున్నారు. ఈ పిల్ల మాత్రం లేచి, "మనసు గురించి కనిపెట్టినోళ్ల మీద చెప్తానండీ" అంది.

సైన్సు చెప్పే ప్రసన్నకుమారి టీచరు దగ్గరే లైబ్రరీ తాళాలుండేవి. ఆవిడ ఆశ్చర్యపోయింది. "దాని మీద మన దగ్గర పుస్తకాలెక్కడున్నాయమ్మా?"

"బీరువాలో అడుగు అరలో ఉన్నాయండీ. ఊడ్చేటప్పుడు చూసేనండి."

లైబ్రరీ అంటే ల్యాబ్ గదిలో మూలనున్న ఇనప బీరువా. అడుగు అరలో ఉన్నవి ఎప్పుడో రిటైరైపోయిన హెడ్మాస్టరు తాను ట్రైనింగులో చదువుకుని, బడికిచ్చి వెళ్లిన పుస్తకాలు. అట్టలు చెదలు తినేశాయి. దుర్గాశ్రీ మధ్యాహ్నం అన్నం తినేసి వచ్చి, వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఆ పాతకాలపు తెలుగు కొరుకుడు పడకపోతే టీచరు విడమరిచి చెప్పేది.

మొదట పావ్లోవ్ దొరికాడు. కుక్కకి తిండి పెట్టే ముందు చప్పుడు చేసీ చేసీ, చివరికి ఆ చప్పుడు వింటే చాలు చొంగ కార్చేలా చేసినాయన. ఆ పేజీ దగ్గర పిల్ల ఆగిపోయింది.

"మా నాన్న కూడా ఇంతేనండీ. ఇంజను చప్పుడు వింటే చెమటలొచ్చేత్తాయండి."

ఈ అంశమే ఎందుకు పట్టుకుందో టీచరుకి అప్పుడర్థమైంది. పేజీ తిప్పింది.

కొన్నాళ్లకి మేరీ జోన్స్ అనే అమెరికా ఆవిడ దొరికింది. కుందేలంటే హడలిపోయే పిల్లాడొకడికి ఇష్టమైన తిండి పెడుతూ, రోజూ కుందేలు బోనుని కాస్త కాస్త దగ్గరికి జరిపిందట. చివరికి వాడు ఒక చేత్తో తింటూ రెండో చేత్తో కుందేలుని నిమిరాడట. దుర్గాశ్రీ అది రెండుసార్లు చదువుకుంది. ఆ సాయంత్రం బడి నుంచి ఇంటికి పరిగెత్తింది.

గోదారిని జరపలేం గనక నాన్ననే జరపాలనుకుంది. సత్తియ్యకి మెత్తళ్ల చేపలు, చింతకాయ వేసి వండిన కూరంటే ప్రాణం. ఆ కూర వండినప్పుడల్లా కంచం అరుగు మీద కాకుండా వాకిట్లో పెట్టింది. తర్వాత కొబ్బరి చెట్ల కింద, ఆ తర్వాత ఏటి గట్టు ఇవతల. చెమటలు పట్టినప్పుడు వెనక్కి తీసుకొచ్చేసేది, పుస్తకంలో అలానే ఉంది మరి. ఎండలు మొదలయ్యే వేళకి సత్తియ్య గట్టు దిగి, నీళ్ల పక్కన కూర్చుని అన్నం తిన్నాడు. ఎదురుగా ఇంజను పడవ పోయింది. ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగలేదు.

సూర్యావతి ఏడ్చేసింది. "నా తల్లే, మీ నాన్నని మళ్లీ మనిషిని చేసేవే!"

మర్నాడు పొద్దున్న లేచేసరికి మంచం మీద సత్తియ్య లేడు. ఏటి ఒడ్డున, నిన్న కూర్చున్న చోటే ఉన్నాడు.

"ఏం నాన్నా, ఇంత పొద్దున్నే వచ్చేసేవు?"

"పోటు మీద వత్తాడేమోనని. మీ బాబాయి."

ఆ రోజు నుంచి అతను ఇంటికి రావడం మానేశాడు. నీళ్లకేసి చూస్తూ, తేలివచ్చే ప్రతి దుంగకీ లేచి నిలబడేవాడు. వాన పడినా కదలడు. మనుషులు పట్టి తీసుకొస్తే, కన్ను మూసి తెరిచేలోగా మళ్లీ అక్కడే ఉండేవాడు. భయమొక్కటే అతన్ని ఇంట్లో కట్టి ఉంచిందని, అది విప్పేశాక గాని ఎవరికీ తెలియలేదు.

"అప్పుడు కళ్ల ముందరైనా ఉండేవోడు" అంది సూర్యావతి. కూతుర్ని తిట్టలేదు. మళ్లీ ఆ మాట ఎత్తనూ లేదు.

దుర్గాశ్రీ బీరువా ముందు కూర్చుని అన్ని పుస్తకాలూ తిరగేసింది. జ్ఞాపకశక్తి, తెలివితేటలు, నేర్చుకోవడం... అన్నీ బడి పిల్లల గురించే. "చచ్చిపోయినోళ్ల కోసం చూసేవోళ్ల గురించి ఎవరూ రాయలేదాండీ?"

"రాసే ఉంటారమ్మా. మన బీరువాలో లేదు" అంది టీచరు. "ఉన్నా, ఇవన్నీ నేను ట్రైనింగులో పరీక్ష కోసం చదివినవేనమ్మా. తెలిసినట్టు నీకు చెప్పకుండా ఉండాల్సింది" అంది.

ఆవిడే కాకినాడ పెద్దాసుపత్రిలో మనసు డాక్టరుంటాడని చెప్పి, తోడు వచ్చింది. మలికిపురంలో బస్సు ఎక్కించారు. బస్సు కదలబోతూంటే "పోటు తగిలే వేళండీ" అంటూ సత్తియ్య దిగి నడిచిపోయాడు. ఆపబోయిన భార్య చెయ్యి విదిలించేశాడు. రెండోసారి బస్టాండు దాకా కూడా రాలేదు.

సెమినార్ రాజోలులో జరిగింది. దుర్గాశ్రీ తడబడకుండా చెప్పింది. పిల్లాడు కుందేలుని నిమిరాడని చెప్పి ముగించి, దణ్ణం పెట్టింది. చప్పట్లు కొట్టారు. ఏదో బహుమతి కూడా ఇచ్చారు. దాన్ని టీచరు చేతిలో పెట్టేసి బస్సెక్కింది.

దిగి నేరుగా ఏటికి పోయింది. ఆటు మీదుంది నీరు. బురదలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న తండ్రి పక్కనే చతికిలబడింది.

"బాబాయి రాడు నాన్నా."

"ఆయ్" అన్నాడు సత్తియ్య, దారి అడిగిన పరాయి మనిషికి ఔనండీ అని చెప్పినట్టు మర్యాదగా. నీళ్ల మీంచి చూపు తిప్పలేదు.