కూర చేపలు

సుకాంతి నా గిన్నె తోమి, గుప్పెడు బియ్యం పోసి మరీ తిరిగిచ్చింది. ఒట్టి గిన్నె ఇవ్వకూడదని దానికి నేర్పింది నేనే.

"ఎల్తన్నాం అత్తా," అంది. సామాను అప్పటికే ఆటో ఎక్కేసింది.

పైలిన్ తుఫానుకి ఒడిశాలోని గంజాం తీరంలో ఇల్లు పోయి, సుకాంతీ, మొగుడు ఉపేంద్రా పోయినేడు మా ఊరొచ్చారు. పాక వేయించింది నేనే. మా పెద్దవల ఒడ్డుకి లాగిన ప్రతి పొద్దూ వాళ్ళింటికి గిన్నెడు కూర చేపలు పంపింది నేనే. కూర్మమ్మది పెద్ద చెయ్యి అని ఊరంతా నా గురించి అంటే పొంగిపోయాను. పైన పటారం, లోన లొటారం.

మా రేవులో కట్టుబాటొకటి ఉంది. వల తాడు మీద చేయి వేసినవాడికి వాటా ఇవ్వాలి. వాటా అందుకున్నవాడు ఊరివాడే, రేవులో అతని మాటా చెల్లుతుంది. ఉపేంద్ర రోజూ లుంగీ ఎగ్గట్టి వచ్చేవాడు. "నువ్వు సుట్టానివి బావూ, కూకో," అని నేను రోజూ అడ్డుపడేదాన్ని. మగాళ్ళు సగంమంది గుజరాత్ బోట్లకి పోయారు. తాడుకి చేతులు చాలక మా ఆయన అప్పలసూరి నడుం పట్టేసింది. అయినా ఉపేంద్రని పిలవలేదు. పరాయివాడికి వాటా ఇస్తే రేపు నాకే ఎదురు మాట్లాడతాడని భయం. ఆ పాడుబుద్ధి నాదే, ఇంకొకరి మీదకి తోయను.

"ఇక్కడ మీకేటి తక్కువైనాదే?" అన్నాను, కోపంగానే.

ఆటో పక్కనుంచి ఉపేంద్ర జవాబిచ్చాడు. "ఏటీ తక్కువ నేదత్తా. కూకోబెట్టి తిండెట్టినారు. నాను వలోణ్ణి. ఎన్నాళ్ళని కూకుంతాను?"

రేపట్నుంచి తాడు పట్టు బావూ అని నోటిదాకా వచ్చింది. రేవుకి పోయేవాళ్ళంతా ఆగి వింటున్నారు. వాళ్ళ ముందు తగ్గడానికి నామోషీ వేసి మింగేశాను. ఆటో వెళ్ళిపోయింది.

ఆ పూట తాడుకి మనిషి తక్కువైతే నేనే పట్టాను. అరచేతులు ఒలుచుకుపోయాయి. చేపలు పంచుతూ, అలవాటు కొద్దీ ఆ గిన్నె నింపి పక్కన పెట్టాను.

"ఎవులికే అది?" అన్నాడు అప్పలసూరి.

"మన ఊరోళ్ళకే," అన్నాను.

ఆ మాట ఆటో కదలకముందు అనలేకపోయాను.