నిలువెత్తు గోడ

పంచాయతీ బోర్డు ఓవర్సీరు గుమ్మం ముందు కొలకర్ర నిలబెట్టాడు. చూరు దాని సగానికి కూడా రాలేదు. ఇది ఇల్లు కాదు, పశువుల కొట్టమని తేల్చి, గోడమీద సున్నంతో అడ్డగీత గీశాడు. గంజి కాస్తున్న రాజ్యం వంగి బయటికి వచ్చేసరికి పక్కింటిమీదా గీత పడింది. చూస్తుండగా పేటంతా పశువుల కొట్టాలైపోయింది.

కొల్లేటి ఒడ్డున గుమ్మళ్లలంక. అక్కడ దిబ్బమీది పేటలో కూలీలవన్నీ గుండ్రటి చుట్టిళ్లు. గాలికి దొరక్కుండా చూరు కిందికి దించి కట్టుకుంటారు. పంచాయతీ బోర్డు కొత్త రూలు ప్రకారం మనిషి నిలువెత్తు గోడ లేనిది ఇల్లు కాదు, ఇల్లు కానిది దిబ్బమీద ఉండకూడదు. ఇదంతా పేదల ఆరోగ్యం కోసమట. ప్రెసిడెంటుగారికి ఆ దిబ్బమీద రైసుమిల్లు కట్టాలని ఉంది. వాళ్ల ఆరోగ్యంమీద ఆయనకింత బెంగ ఎందుకు పుట్టుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

ఆదివారం ప్రార్థనయ్యాక పేటంతా కూర్చుంది. ఏలూరు నుంచి తివాచీలు నేసే హబీబ్ వచ్చాడు. మగ్గాల దగ్గర సంఘం పెట్టిన మనిషి. గోడ ముట్టుకోవద్దన్నాడు. ఇవాళ గోడ అడిగినవాడు రేపు పెంకు అడుగుతాడు, అందరూ కలిసి కాదంటే తప్ప ఆగడన్నాడు. రాజ్యం మొగుడు ఇమ్మానుయేలు తలూపాడు.

అప్పుడు రాజ్యం లేచింది. "మీకేవండీ, చెప్పి వెళ్లిపోతారు. ఈ దిబ్బ పోతే మేం నీళ్లలో కాపురం ఉండాలా? మట్టేగా, ఎత్తుదాం. పొలంలో వంగి, కామందు ముందు వంగి నడుములు పోయాయి. సొంతింట్లోకైనా నిటారుగా నడిచెళ్తే తప్పాండీ?"

 ఆడవాళ్లంతా రాజ్యం వైపే. "గాలి ఒప్పుకోదే" అని గొణిగిన ఇమ్మానుయేలు, ఆమె మొహం చూసి మర్నాడే మట్టి తొక్కడం మొదలుపెట్టాడు.

పేటంతా గోడలెత్తింది. పనున్నా లేకపోయినా రాజ్యం లోపలికీ బయటికీ తిరిగేది. తల తగలకుండా గుమ్మం దాటడమే ఆమెకు సంబరం. ఇమ్మానుయేలు చూసి నవ్వేవాడు.

కార్తీకంలో ఓ మధ్యాహ్నం గాలివాన పట్టుకుంది. గోడ ఇంకా పచ్చి ఆరలేదు. గాలి చూరు కింద దూరి కప్పును లేపింది. ఇమ్మానుయేలు రాజ్యాన్ని బయటికి తోసి, కప్పు మోసే నిట్రాడు పట్టుకుని ఆపుదామని వెనక్కి తిరిగాడు. కప్పు ఎగిరి అవతల పడింది. గోడ అతనిమీద పడింది. మట్టి తీసి చూసేసరికి ఊపిరి లేదు. వద్దన్న మనిషిని తానే ఒప్పించింది. ఆ దుఃఖానికి ఓదార్పు పేటలో ఎవరి దగ్గరా లేదు, ఈ కథ చెప్పేవాడి దగ్గరా లేదు.

పాతిపెట్టి వచ్చిన మర్నాడు ఓవర్సీరు మళ్లీ దిగాడు. గాలివానకి పేటలో గోడలు కూలినవేవీ ఇళ్లు కావని, దిబ్బ ఖాళీ చెయ్యాలని ఆర్డరు చదివాడు. రాజ్యం అంతా విని, బురదలో పడి ఉన్న తన కప్పు దగ్గరికి నడిచింది.

కప్పు ఎత్తేటప్పుడు పేటంతా భుజం పెడుతుంది గానీ ఎత్తమనే కేక మాత్రం ఆ ఇంటి మగవాడే వెయ్యాలి. అతను పోతే ఆ కప్పును అలాగే కుళ్లిపోనిస్తారు. అది అక్కడి ఆనవాయితీ. రాజ్యం వాసం కింద భుజం పెట్టి తానే కేకేసింది. గొంతు సగంలో విరిగిపోయింది.  మిగతా సగం ముసలి కృపానందం అందుకున్నాడు. ఆ వెనక పేటంతా వచ్చి భుజం పెట్టింది. ఓదార్చడానికి వచ్చిన హబీబ్ కూడా పెట్టాడు.

కప్పును మోసుకెళ్లి బోర్డు ఆఫీసు వాకిట్లో దించి, పట్టినంతమంది దాని కింద కూర్చున్నారు. తీసెయ్యమని ప్రెసిడెంటుగారు వరండాలోంచి కేకలేశారు.

"మీరు గోడ ఎత్తమన్నారు, ఎత్తాం. మా ఆయన్ని మింగేసింది" అంది రాజ్యం. "ఇకమీదట మా ఇల్లు మాకు తెలిసినట్టే కట్టుకుంటాం. ఆ రూలు తీసేదాకా ఇక్కణ్ణించి లేవమండి."

పొద్దు వాలేలోగా పోలీసు లారీ వచ్చింది. రాజ్యాన్నీ హబీబ్‌నీ ఎక్కించారు. లారీ గట్టెక్కుతుంటే పేట వైపు నుంచి ఇంకో కప్పు వస్తూ కనిపించింది. దాని కింద కాళ్లే తప్ప మనుషులు కనపడలేదు. ముందు కేకేస్తున్నది ఆడగొంతు. ఇమ్మానుయేలు పోయాక రాజ్యం అప్పుడు మొదటిసారి ఏడ్చింది.